సదరం కాగితం నుంచి జీతం చీటీ దాకా: మధ్యలో దారి ఎక్కడ తెగుతోంది?

హనుమకొండలో మా వీధి చివర బట్టలు కుట్టే ఒకామె దగ్గర పాత బట్టల షాపు కవరు ఒకటుంది. కొడుకు కాగితాలన్నీ అందులోనే. వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్, దాని జిరాక్సులు నాలుగు, ఆధార్, చెవి పరీక్ష గ్రాఫు, ఎప్పుడో పాడైన చెవి మిషన్ రశీదు, కొత్తగా చేరిన టెన్త్ మెమో. పిల్లాడికి పుట్టుకతోనే వినపడదు. రిజల్ట్స్ వచ్చిన వారానికి ఆ కవరు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నా, ఇన్నొద్దులు భవిత సెంటర్ మేడం చూసుకున్నది. ఇగ ఇప్పటిసంది ఎవలనడగాలె?" (భవిత అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే కేంద్రం.)

జవాబు సులువే అనుకున్నా. చట్టం ఉంది, కోటా ఉంది, వికలాంగుల కార్పొరేషన్ ఉంది, పింఛన్ ఉంది. ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే తేలిందేంటంటే, అన్నీ ఉన్నాయి కానీ ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి చేర్చే మనిషి లేడు. కాజీపేట జంక్షన్‌లో రాత్రిపూట రైలు మారినట్టే ఉంటుంది ఈ వ్యవహారం. దిగిన ప్లాట్‌ఫాం తెలుసు, ఎక్కాల్సిన బండీ ఉంది. అది ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్లే ఉండరు.

21 రకాలు, 40 శాతం, ఒక కార్డు

1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో 21 రకాలున్నాయి. ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది పెట్టే లెర్నింగ్ డిజెబిలిటీ, కండరాల క్షీణత, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి గాయాలు, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ లాంటివి కొత్తగా చేరాయి.

ఈ 21లో ఏదో ఒకటి ఉంటే చాలదు. దాని తీవ్రత 40 శాతం, ఆపైన ఉందని మెడికల్ బోర్డు రాయాలి. అప్పుడే రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. మన దగ్గర ఆ పరీక్ష జరిగే చోటుకి జనం పెట్టుకున్న పేరు సదరం క్యాంపు. నిజానికి సదరం అనేది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సాఫ్ట్‌వేర్ పేరు. వాడి వాడి అదే సర్టిఫికెట్ పేరైపోయింది. దేశమంతా చెల్లేలా కేంద్రం ఇచ్చే కార్డు వేరే ఉంది, దాన్ని యూడీఐడీ కార్డు అంటారు.

ఇంతవరకూ తేలికే. చిక్కు ఎక్కడంటే, ఒకే సర్టిఫికెట్ ఒక తలుపు తెరిచి, పక్క తలుపు దగ్గర చెల్లకపోవచ్చు. ఉట్నూరు వైపు ఒక ఆదివాసీ అమ్మాయిని ఊహించుకోండి. సికిల్ సెల్ జబ్బు, బోర్డు 50 శాతం రాసింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలని చట్టంలోని 32వ సెక్షన్ చెబుతుంది. ఆ కోటాలో ఆమె డిగ్రీ సీటు అడగొచ్చు. డిగ్రీ అయ్యాక ప్రభుత్వ ఉద్యోగంలో అదే కోటా అడిగితే లేదు. ఎందుకంటే ఉద్యోగాల 34వ సెక్షన్‌లో సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బుల పేర్లే లేవు. ఎస్టీ రిజర్వేషన్ ఉంటుంది, వికలాంగుల కోటా మాత్రం వర్తించదు. కాలేజీ దాకా తోడొచ్చిన కాగితం ఉద్యోగం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఈ తేడా ఆ కుటుంబానికి ఎప్పుడు తెలుస్తుందంటే, నోటిఫికేషన్ నింపేటప్పుడు.

శాతం చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

సర్టిఫికెట్ మీద '60 శాతం' అని ఉందనుకుందాం. దాని అర్థం మనిషి 40 శాతమే పనికొస్తాడని కాదు. అవయవం ఎంత దెబ్బతింది, చూపు ఎంత తగ్గింది, వినికిడి ఎంత పోయింది అనే వైద్యపు లెక్క అది. పని చేయగలడా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మనిషిలో సగం ఉంటే, పనిలోనూ పని చేసే చోటులోనూ మిగతా సగం ఉంటుంది.

ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరికీ 60 శాతమే. ఒకరికి కుడికాలు సరిగా లేదు, ఇంకొకరికి వినపడదు. డేటా ఎంట్రీ పనైతే ఇద్దరూ చేస్తారు. ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే పనికి మొదటివాడు సరిపోతాడు. ఇక గోడౌన్‌లో మూటలు లెక్కపెట్టి సర్దే పనిలో రెండోవాడికి ఏ అడ్డూ లేదు. కానీ దరఖాస్తు ఫారంలో ఇద్దరిదీ అదే అంకె.

ప్రభుత్వం ఈ లోటును కొంత పూడ్చడానికి చూసింది. 2021 జనవరి 4న కేంద్రం 3,566 రకాల పోస్టులను వికలాంగులకు అనువైనవిగా గుర్తిస్తూ జాబితా ఇచ్చింది. ఒక్కో పోస్టు ఎదురుగా ఆ పనికి ఏం కావాలో పొడి అక్షరాల్లో ఉంటుంది: కూర్చోవడానికి ఎస్, నిలబడడానికి ఎస్‌టీ, నడవడానికి డబ్ల్యూ, చూడడానికి ఎస్‌ఈ, వినడానికి హెచ్, వేళ్లతో పని చేయడానికి ఎంఎఫ్. దాని పక్కనే ఎవరు అర్హులో రాస్తారు: ఒక కాలు అయితే ఓఎల్, ఒక చేయి అయితే ఓఏ, చూపు తక్కువైతే ఎల్‌వీ. నోటిఫికేషన్‌లో ఈ అక్షరాల గడి చూసి సగం మంది తల్లిదండ్రులు ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి చెప్పిందే ఖాయం చేసుకుంటారు.

కోర్టులు కూడా అంకె కంటే సామర్థ్యం చూడమనే అంటున్నాయి. మాట్లాడడంలో ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థి ఎంబీబీఎస్ సీటు కేసులో, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చిందేంటంటే, శాతం ఎక్కువ ఉందన్న ఒక్క కారణంతో అర్హత లేదనకూడదు, ఆ చదువు చదవగలడా అని బోర్డు పరిశీలించి చెప్పాలి అని. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, చేత్తో రాయలేని అభ్యర్థికి 40 శాతం లేదన్న పేరుతో స్క్రైబ్‌ను, అంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, కాదనకూడదంది.

ఇక్కడ ఒక పక్క మాట. ఆఫీసుల్లో చాలామంది ఊహలో వికలాంగుడంటే ఇప్పటికీ కాలికి పోలియో వచ్చిన మనిషే. అందుకే ర్యాంపు ఒకటి కట్టేసి పనైపోయిందనుకుంటారు. మన దేశంలో చివరి పోలియో కేసు నమోదైంది 2011 జనవరిలో. ఇప్పుడు టెన్త్ దాటుతున్న పిల్లలు దాదాపు ఆ సమయంలో పుట్టినవాళ్లు. భవిత సెంటర్లలో కనిపించే పిల్లల్లో మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, ఆటిజం ఉన్నవాళ్లే ఎక్కువ. వీళ్లలో చాలామందికి ర్యాంపుతో పనే లేదు. నింపాదిగా చెప్పేవాళ్లు కావాలి, సైగలు తెలిసినవాళ్లు కావాలి. సిమెంటుతో అయ్యే పని కాదు కాబట్టి అది బడ్జెట్ పద్దులో కనపడదు.

బడి గేటు దగ్గర ఏం జరుగుతుంది

మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచేవి భవిత కేంద్రాలు. సమగ్ర శిక్ష కింద పనిచేసే రిసోర్స్ టీచర్లు అక్కడ ఉంటారు. అందరూ పిలిచేది ఐఈఆర్‌పీ మేడం, ఐఈఆర్‌పీ సార్ అనే. పిల్లలకు చదువు చెబుతారు, ఫిజియోథెరపీ చేయిస్తారు, బడికి రాలేని వాళ్ల ఇళ్లకు పోతారు, సదరం స్లాట్ ఎప్పుడో గుర్తుచేస్తారు, టెన్త్ పరీక్షకు స్క్రైబ్ అనుమతి కాగితాలు తయారు చేయిస్తారు. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకు గంట ఎక్కువ. ఇలాంటివి ఎంతమందికి అందుతున్నాయంటే, ఆ మండలంలో మేడం ఎంత చురుకైనదో అంతమందికి.

40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. కానీ మన ఊళ్లలో బడి ఆసరా అసలు తగ్గేది టెన్త్ దగ్గర. ఇంటర్ కాలేజీ వేరు, ఐటీఐ వేరు, ఓపెన్ స్కూల్ వేరు. పదేళ్లు పిల్లాడిని చూసిన టీచర్ దగ్గర ఎంతో సమాచారం ఉంటుంది: ఏ పని ఇష్టం, ఎంతసేపు కుదురుగా కూర్చుంటాడు, ఏ శబ్దానికి చిరాకు పడతాడు, డబ్బులు లెక్కపెట్టగలడా. ఆ సమాచారం తర్వాత చేరే సంస్థకు వెళ్లే కాగితం ఏదీ లేదు. మెమో మీద మార్కులు మాత్రమే వెళతాయి.

అమెరికాలో ప్రత్యేక విద్య చట్టం ప్రకారం, విద్యార్థికి 16 ఏళ్లు వచ్చేసరికి బడి తర్వాత ఏం చేయాలన్న ప్రణాళిక రాతపూర్వకంగా ఉండాలి. విద్యార్థిని, తల్లిదండ్రులను కూర్చోబెట్టి రాస్తారు. మన 2016 చట్టంలో వృత్తి శిక్షణ గురించి, స్వయం ఉపాధి రుణాల గురించి 19వ సెక్షన్ ఉంది. బడి నుంచి పనికి చేర్చే బాధ్యత ఫలానా అధికారిదని, ఫలానా వయసుకల్లా చేయాలని చెప్పే నిబంధన లేదు. చదువు విద్యాశాఖది, సర్టిఫికెట్ ఆసుపత్రిది, పింఛన్ గ్రామీణాభివృద్ధి వాళ్లది, ట్రైసైకిళ్లు సంక్షేమ శాఖవి, ఐటీఐ కార్మిక, ఉపాధి శాఖది. ఎవరి రిజిస్టరు వాళ్ల దగ్గర సరిగ్గానే ఉంటుంది.

దీనికి తోడు 18 ఏళ్లు నిండడమనేది మామూలు పిల్లలకు ఓటు హక్కు, డ్రైవింగ్ లైసెన్సు. వీళ్లకు మళ్లీ కాగితాల పండుగ. 2018 మార్గదర్శకాల్లో లెర్నింగ్ డిజెబిలిటీని 8, 14, 18 ఏళ్ల వయసుల్లో పరీక్షించాలని పెట్టారు. సరిగ్గా కాలేజీ అడ్మిషన్ల సమయంలో పాత సర్టిఫికెట్ చెల్లదన్నమాట. మేధోవైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల విషయంలో ఇంకో ముడి. 18 దాటాక చట్టం దృష్టిలో వాళ్లు పెద్దవాళ్లు, తల్లిదండ్రులు ఆటోమేటిక్‌గా సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమించాలి. జీతం పడే బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. అప్పటికి ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గర్లో ఉంటుంది.

నాలుగు శాతం కోటా: లెక్క వేసి చూద్దాం

పాత చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం ఉండేది. ఇప్పుడు కనీసం 4 శాతం. దాన్ని నాలుగు ముక్కలు చేశారు. చూపు లేనివాళ్లకు, తక్కువున్నవాళ్లకు ఒకటి. వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఒకటి. కదలికల వైకల్యాలకు ఒకటి. సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జుతనం, కండరాల క్షీణత, యాసిడ్ బాధితులు ఇందులోకే వస్తారు. మిగిలిన ఒక్క శాతంలో ఆటిజం, మేధోవైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక వ్యాధి, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లు అందరూ సర్దుకోవాలి.

ఇది కులాల రిజర్వేషన్ లాంటి నిలువు కోటా కాదు, అడ్డ కోటా. అంటే అన్ని వర్గాల మీదుగా అడ్డంగా పోతుంది. వినికిడి లోపం ఉన్న బీసీ-బీ అమ్మాయి ఈ కోటాలో ఎంపికైతే, ఆమెకు వచ్చే కుర్చీ బీసీ-బీకి కేటాయించిన కుర్చీల్లోంచే లెక్కవుతుంది. వికలాంగుల కోటా వల్ల మొత్తం రిజర్వేషన్ శాతం పెరగదు, పోస్టులు ఎక్కువ కావు.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక శాఖలో 50 పోస్టులు పడ్డాయి. నాలుగు శాతం అంటే రెండు. నాలుగు వర్గాలున్నాయి, పోస్టులు రెండే. ఎవరికి? ఇక్కడే రోస్టర్ వస్తుంది, అంటే ఎన్నో పోస్టు ఎవరికో వరుసగా చెప్పే పట్టిక. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో వంద పాయింట్ల రోస్టర్‌లో 1, 26, 51, 76 పాయింట్లు ఈ నాలుగు వర్గాలకు. రాష్ట్రం పాయింట్లు వేరు కానీ పద్ధతి ఇదే. లెక్క ఒకటో పాయింటు నుంచే మొదలైతే యాభై పోస్టుల్లో 1, 26 మాత్రమే తగులుతాయి. మిగతా రెండు వర్గాలవాళ్ల వంతు వచ్చే నోటిఫికేషన్‌కు. ఆ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలంగాణలో వికలాంగ అభ్యర్థులకు పదేళ్ల వయో సడలింపు ఉండడానికి ఒక కారణం ఇదేనేమో అనిపిస్తుంది.

అర్హుడు దొరక్కపోతే పోస్టు వెంటనే జనరల్‌కు పోదు. ముందు తర్వాతి ఏడాదికి జరుగుతుంది. అప్పుడూ దొరక్కపోతే వేరే వైకల్య వర్గానికి మారుస్తారు. అదీ కాకపోతేనే మామూలు అభ్యర్థికి. బ్యాక్‌లాగ్ పోస్టులు అని ధర్నాచౌక్‌లో వినిపించే మాట ఇక్కడిదే.

ఈ కోటా మీద రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ బలం ఉంది. కోటా ఉంది కాబట్టే అంధులైన టీచర్లు, లెక్చరర్లు మన కళ్లముందు ఉన్నారనేది ఒకటి. పరీక్ష తట్టుకోగలిగినవాళ్లకే కోటా పనికొస్తుంది, మేధోవైకల్యం ఉన్నవాళ్లకు ఆ ఒక్క శాతం కాగితం మీదే ఉంటుందనేది రెండోది. లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్, ఇరవై దాకా లెక్కపెట్టగల యువకుడు ఒకే బుట్టలో ఉన్నప్పుడు రాతపరీక్ష ఎవరిని తీసుకుంటుందో చెప్పక్కర్లేదు.

కోటా దాటితే

ఎంత గింజుకున్నా ప్రభుత్వ ఉద్యోగం కొందరికే. మిగతావాళ్ల సంగతి చెప్పే ఒక అంకె ఉంది, కానీ జాగ్రత్తగా చదవాలి. 2018 జూలై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, 15 ఏళ్లు దాటిన వైకల్యం ఉన్నవాళ్లలో నిరుద్యోగిత 4.2 శాతమే. భలే తక్కువుందే అనిపిస్తుంది. అదే సర్వేలో పని చేస్తున్నవాళ్లూ పని వెతుకుతున్నవాళ్లూ కలిపి 23.8 శాతం. అంటే వందమందిలో దాదాపు 24 మందే పని సంతలోకి వచ్చారు, వాళ్లలో దొరకనిది ఒకరికి. మిగిలిన 76 మంది అసలు అడగనే లేదు. అడగనివాళ్లు నిరుద్యోగుల లెక్కలోకి రారు. ఆ 76 మందిలో ముసలివాళ్లున్నారు, చదువుకుంటున్నవాళ్లున్నారు. 'వీడికెవడిస్తాడు' అని ఇంట్లోనే తేల్చేసినవాళ్లూ ఉన్నారు.

ప్రైవేటు కంపెనీలకు చట్టం కోటా పెట్టలేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం వైకల్యం ఉన్నవాళ్లుండేలా ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే 35వ సెక్షన్ అంటుంది. అయితే ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం రాతలో ఉండాలి. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట ఆ విధానంలో ఏమేం ఉండాలో నిబంధనలే చెబుతాయి. ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10,000 దాకా జరిమానా. వరంగల్‌లో ఒక్క షాపింగ్ మాల్ యజమానికైనా ఈ సంగతి తెలుసా అని నాకు అనుమానమే.

యజమానుల వాదనా వినాలి. గీసుకొండ, సంగెం మండలాల్లో వచ్చిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులాంటి చోట పని లైన్‌లో సాగుతుంది. ఒకరు ఆగితే వెనకున్నవాళ్లందరూ ఆగుతారు. సూపర్‌వైజర్‌కు ప్రొడక్షన్ టార్గెట్ ఉంటుంది. అగ్నిప్రమాదం అలారం వినపడని మనిషికి ఎలా చెప్పాలన్న భయం నిజమైనదే, దానికి లైటు వెలిగే అలారం అనే జవాబు ఉందని అతనికి చెప్పినవాళ్లే లేరు. అదే సూపర్‌వైజర్, వినపడని ఇద్దరిని ఆరునెలలు చూశాక మాట మారుస్తాడు: పని వదిలి పోరు, మిషన్ల గోల వాళ్లకు ఇబ్బంది కాదు. ఇంకా నలుగురిని పంపమంటాడు. ఈ రెండో మాటలో మెచ్చుకోలు ఉంది, కొంచెం ప్రమాదమూ ఉంది. వినపడనివాళ్లంటే కుట్టు మిషన్, ప్యాకింగే అనే గిరి అలాగే గీస్తారు.

పింఛన్ పోతుందన్న భయం

పింఛన్ ఆగుతుందని ఉద్యోగానికి వెనకాడితే సోమరితనం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. లెక్క వేస్తే అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. తెలంగాణలో వికలాంగుల పింఛన్ 2023లో రూ.3,016 నుంచి రూ.4,016 అయింది. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాడికి వరంగల్‌లో రూ.12,000 ఉద్యోగం వచ్చిందనుకుందాం. జీతమంతటి మీదా పీఎఫ్ 12 శాతం పట్టుకుంటే రూ.1,440. ఈఎస్ఐ 0.75 శాతం, రూ.90. చేతికి వచ్చేది రూ.10,470. రూములో వాటా రూ.2,500, తిండికి రూ.3,500 వేసుకుంటే మిగిలేది రూ.4,470. పింఛన్ నిబంధనల్లో కుటుంబ ఆదాయం చూస్తారు కాబట్టి అది ఆగిందే అనుకుంటే, నెలంతా పని చేసినందుకు అదనంగా మిగిలింది రూ.454.

ఇంట్లో ఉన్నా తిండి ఖర్చుంటుంది, పీఎఫ్ ఎక్కడికీ పోదు, జీతం పెరుగుతుంది, ఈఎస్ఐ వైద్యం ఉంటుంది, పైగా ఈఎస్ఐకి అందరికీ జీతం పరిమితి రూ.21,000 అయితే వైకల్యం ఉన్నవాళ్లకు రూ.25,000 అని ఎదురు వాదించవచ్చు. నిజమే. కానీ తల్లి లెక్క వేరు. ఉద్యోగం మూడు నెలల్లో పోతే ఆగిన పింఛన్ మళ్లీ ఎన్నాళ్లకు మొదలవుతుంది? ఆ ప్రశ్నకు ఖాయమైన జవాబు ఇచ్చే కౌంటర్ లేనంతవరకూ ఆమె చేసేది తెలివైన లెక్కే.

అదే లెక్క అమ్మాయి విషయంలో కాస్త మారుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. రోజూ ఇంటి నుంచి వచ్చిపోతే రూము అద్దె తప్పుతుంది. వికలాంగుల కోసం పెట్టని పథకం వికలాంగ అమ్మాయిల ఉద్యోగాలకు ఇంత పనికొచ్చింది. కాకపోతే పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మోకాలెత్తు ఉంటుంది. కాలిపర్స్ వేసుకున్న అమ్మాయికి టికెట్ ఉచితమైనా ఎక్కడం ఉచితం కాదు.

ముందు శిక్షణా, ముందు పనా?

శిక్షణ విషయంలో రెండు పద్ధతులు. ఒకటి మనకు అలవాటైనది: ముందు నేర్పించు, తర్వాత పనికి పంపు. ఐటీఐలు, స్కిల్ సెంటర్లు, హైదరాబాద్ విద్యానగర్‌లో వికలాంగుల కోసం ఉన్న నేషనల్ కెరీర్ సర్వీస్ కేంద్రం ఈ దారిలో ఉన్నాయి. రెండోది: ముందు నిజమైన పనిచోట పెట్టు, పక్కన ఒక మనిషిని నిలబెట్టి అక్కడే నేర్పించు, అలవాటయ్యాక ఆ మనిషి మెల్లగా తప్పుకోవాలి. ఆ పక్కనుండే మనిషిని జాబ్ కోచ్ అంటారు.

రెండోది చూసినచోటు ఒకటుంది. హనుమకొండలో ఒక సూపర్‌మార్కెట్. మేధోవైకల్యం ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు పప్పుల అరల దగ్గర పని చేస్తాడు. కొత్త ప్యాకెట్లు వెనక, పాతవి ముందు పెట్టాలి. తేదీ చదవడం అతనికి రాదు. మొదటివారం అన్నీ తారుమారు. అతని అక్క వచ్చి రెండు రోజులు చూసి, వచ్చిన ప్రతి అట్టపెట్టె మీద ఆ వారం రంగు చుక్క అంటించమని స్టోర్ వాళ్లను అడిగింది. ఈ వారం పచ్చ, వచ్చేవారం ఎరుపు. గోడకు ఒక అట్టముక్క మీద రంగుల వరుస అంటించింది. పైన ఉన్న రంగు ముందుకు రావాలి. అంతే. పదిహేనో రోజుకు ఆమె రావడం మానేసింది. అక్కడ పనిచేసే మిగతావాళ్లూ ఇప్పుడు తేదీ చూడరు, చుక్కే చూస్తారు.

ఈ పద్ధతి గొప్పదని చెప్పేవాళ్లు ఇలాంటివే చూపిస్తారు. సెంటర్‌లో కొవ్వొత్తులు, పేపర్ కవర్లు చేయడం నేర్చుకున్న పిల్లాడు సూపర్‌మార్కెట్‌లో మళ్లీ మొదటికొస్తాడు, ఎందుకంటే నేర్చుకున్నది వేరే చోటుకి మోసుకెళ్లడమే వాళ్లకు కష్టం అంటారు. దీనికి ఎదురుగా ఉన్న వాదన చిన్నదేం కాదు. ఆ అక్క ఉద్యోగం చేసుకునే మనిషైతే రెండు వారాలు ఎవరొచ్చేవాళ్లు? జాబ్ కోచ్‌కు జీతం ఎవరివ్వాలి? 1984 నుంచి సికింద్రాబాద్‌లో మేధోవైకల్యం మీద పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది, శిక్షకులను అదే తయారు చేస్తుంది. కానీ వరంగల్ నుంచి అది 140 కిలోమీటర్ల దూరం. పైగా కొందరు పిల్లలకు బయటి పనిచోటు గోల, తొందర భరించరానివి. తమలాంటి వాళ్లతో కలిసి నెమ్మదిగా చేసే వర్క్‌షాపే వాళ్లకు నెమ్మది. అక్కడ జీతం పేరుకే ఉంటుందన్న విమర్శ నిజం. సాయంత్రానికి పిల్లాడు నవ్వుతూ ఇంటికొస్తాడన్న తల్లి మాటా నిజమే.

వినికిడి లోపం ఉన్నవాళ్ల దగ్గర చర్చ ఇది కాదు, భాష. 2015లో ఢిల్లీలో భారతీయ సైన్ లాంగ్వేజ్ కేంద్రం పెట్టారు. అది వచ్చి పదేళ్లయినా, మామూలు బడిలో చదివిన మన పిల్లలు చాలామంది ఇంటి సైగలతో, పెదాల కదలికతో, పక్కపిల్లాడి నోట్సు చూసి టెన్త్ దాకా నెట్టుకొచ్చినవాళ్లే. ఐటీఐలో ఫిట్టర్ సార్ బోర్డు వైపు తిరిగి చెబుతుంటే పెదాలు కనపడవు.

కవరు తెచ్చినామె కొడుకు విషయానికొస్తే, అతనికి పదహారేళ్లు. సదరంలో 75 శాతం ఉంది. ఇంటర్‌లో చేరొచ్చు, ఐటీఐలో చేరొచ్చు. వాడికి బండ్ల రిపేరు ఇష్టం. మా బైక్ క్లచ్ వైరు మార్చింది వాడే. ఐటీఐ అంటే ఆమె ముఖం వెలిగింది. కాగితాలన్నీ మళ్లీ కవర్లో సర్దుకుంటూ అడిగింది: "ఆడ చెప్పే సార్‌కు సైగలస్తయా అన్నా?"

ఫోన్ చేసి కనుక్కున్నాను. అవతలివాళ్లు కాసేపు ఆగి, "రమ్మనండి సార్, చూద్దాం" అన్నారు.